దిగిపోవడం వేరు, పోవడం వేరు

మా ఆవిడ పొద్దున్నే కారు స్టార్ట్ చేసే ముందు కిటికీ అద్దం దించేది. గాలి కోసం కాదు, వినడం కోసం. తాళం చెవి ఒక మెట్టు తిప్పి ఆగేది. ఫ్యాను, పాటలు, లైట్లు అన్నీ కట్టేసి ఉన్నాయని చూసుకుని అప్పుడు రెండో మెట్టు తిప్పేది. ఇంజను అందుకునే లోపల క్షణం పాటు ఒక గరగర ఉంటుంది. ఆవిడకు కావలసింది అదే. అది వినేశాక అద్దం ఎక్కించి, నాకు చెయ్యి ఊపి వెళ్ళిపోయేది.

కారు కొన్న కొత్తలో ఒకసారి అడిగాను.

“ఏం వింటావు రోజూ?”

“ఎలా లేచిందో వింటానండీ. చురుగ్గా లేచిందా, బద్ధకంగా లేచిందా అని.”

“బద్ధకంగా లేస్తే?”

“మీరు లేచినట్టన్నమాట. నాలుగు రోజులు చూస్తాను. రోజూ అలాగే ఉంటే ఏదో ఒకటి చేస్తాను.”

ఆవిడది చెరువుల పని. ఆకివీడులో ఒక అద్దె గదిలో చిన్న ల్యాబ్ నడిపేది. చేపల చెరువుల నీళ్ళూ అడుగు మట్టీ పరీక్షించి, మేత ఎంత వెయ్యాలో, నీళ్ళు ఎప్పుడు మార్చాలో రైతులకు చెప్పేది. మా కాపురం ఏలూరులో. నేను తాడేపల్లిగూడెం కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాను. పొద్దున్న రైలెక్కితే నా పని అయిపోతుంది. ఆవిడకు అలా కుదరదు. చెరువు నీటిలో ఊపిరి, అంటే చేపకు కావలసిన ఆక్సిజన్, బాగా తక్కువగా ఉండేది తెల్లవారే వేళనే. ఎండెక్కాక తీసిన నీళ్ళు అంతా బాగానే ఉందని అబద్ధం చెబుతాయి. అందుకని తెలతెలవారుతుండగా ఆవిడ మండవల్లి వైపు గట్ల మీద ఉండాలి. అక్కడి చెరువులు చూసుకుని, సీసాలు వెనక సీట్లో సర్దుకుని ఆకివీడు చేరేది. కారు ఆ వేళకు లేవకపోతే ఆ రోజు పరీక్ష లేనట్టే. బ్యాటరీ మీద ఆవిడకు అంత శ్రద్ధ ఎందుకో చెప్పడానికే ఈ మాటలన్నీ.

“బ్యాటరీని ఎండ తింటుంది, ముసురు బయటపెడుతుంది” అనేది. అది ఆవిడ సొంత లెక్క. రోహిణి కార్తె ఎండల్లో బ్యాటరీ లోపల్లోపల పాడైపోతుంది. కానీ వేడికి ఇంజను సులువుగానే అందుకుంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. వానలు పట్టి, రెండు రోజులు ముసురేసి, గాలి చల్లబడిన పొద్దున్న తాళం తిప్పితే అప్పుడు బయటపడుతుంది. అందరూ ఆషాఢంలో బ్యాటరీ షాపు ముందు నిలబడితే ఆవిడ తొలకరికి ముందే ఆ పని ముగించుకునేది. ప్రతి ఏడూ మార్చేది కాదు. మార్చాలో అక్కర్లేదో ప్రతి ఏడూ చూసేది.

చూసే పద్ధతి ఇది. సందె చీకటి పడుతుండగా కారును ప్రహరీ గోడకు ఎదురుగా నిలిపి, ఇంజను ఆపేసి, పెద్ద లైట్లు వేసేది. కాసేపు అలాగే ఉంచి హారన్ కొట్టేది. నా పని గోడ వైపు చూడడం. హారన్ మోగినప్పుడు గోడ మీద వెలుగు ఉలిక్కిపడకూడదు. ఉలిక్కిపడితే బ్యాటరీకి వయసొచ్చినట్టు. ఆ తరువాత బానెట్ ఎత్తి, బ్యాటరీ పక్కలు ఉబ్బాయేమో చేత్తో తడిమేది. తీగలు బిగించే చోట తెల్లటి పొడి పట్టిందేమో చూసేది. పొడి పట్టినంత మాత్రాన కంగారు పడేది కాదు. వేణ్ణీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, మళ్ళీ ఓ నాలుగు రోజులు చూసేది.

ఒకసారి పక్కింటాయన కారు లోపలి లైటు రాత్రంతా వెలుగుతూ ఉండిపోయింది. పొద్దున్న కారు కదలలేదు. ఆయన ఫోన్‌లో ఎవరికో కొత్త బ్యాటరీ తెమ్మని చెబుతుంటే మా ఆవిడ గోడ మీంచి ఆపింది.

“పోలేదండి, దిగిపోయింది. ఛార్జింగ్ పెట్టిస్తే ఎక్కుతుంది.”

“రెండూ ఒకటే కదండి? బండైతే కదలదుగా.”

“దిగిపోవడం వేరు, పోవడం వేరండి. దిగిపోయినదాన్ని మార్చేస్తే డబ్బు దండగ. పోయినదానికి రోజూ ఎక్కిస్తూ కూర్చుంటే మనిషి దండగ.”

ఆయన నవ్వాడు కానీ ఆమె మాట విన్నాడు. ఆ బ్యాటరీ ఆ తరువాత చాలా కాలం పనిచేసింది.

మార్చవలసి వచ్చినప్పుడు మెకానిక్కును పిలిచేది కాదు. చేతులకున్న బంగారు గాజులు తీసి నా చేతిలో పెట్టి, మంగళసూత్రం జాకెట్టు లోపలికి దోపుకుని బానెట్ ఎత్తేది. మా అమ్మ బతికున్న రోజుల్లో దీని మీద గొడవ జరిగింది. సుమంగళి బోసి చేతులతో ఉండకూడదని మా అమ్మ. స్పానరూ బంగారు గాజూ కలిసి తీగకు తగిలితే గాజు కాలి చేతికి అంటుకుంటుందని మా ఆవిడ. చివరికి ఆవిడే దారి కనిపెట్టింది. బంగారువి తీసేసి మట్టిగాజులు వేసుకుంది. “మట్టిగాజుకి కరెంటు పట్టదండీ అత్తయ్యగారూ, శాస్త్రం తప్పినట్టూ కాదు” అంది. మా అమ్మ ఆ మాట ఊరంతా చెప్పుకుంది.

ముందు నల్లతీగ విప్పేది, తరువాత ఎర్రతీగ. కొత్తది పెట్టేటప్పుడు వరుస తిరగేసి, ముందు ఎరుపు, చివర నలుపు. నల్లతీగ కారు ఒంటికంతా కలిసి ఉంటుందని, అది ఊడి ఉంటే స్పానరు ఎక్కడ తగిలినా నిప్పు రాదని ఎన్నోసార్లు చెప్పింది. నేను వరుస మరిచిపోతానని ఆవిడకు తెలుసు. అందుకే కారణం కూడా చెప్పేది. కారణం తెలిస్తే వరుస దానంతటదే గుర్తుంటుందని ఆవిడ నమ్మకం. నిజమే, గుర్తుంది.

పోయిన ఎండాకాలం ఆవిడకు జబ్బు చేసింది. వానలు పడే లోపల పోయింది. ఆ ఎండాకాలం గోడ మీద ఎవరూ లైట్లు వేసి చూడలేదు.

మా వైపు చనిపోయినవారి ఇంటికి వెళ్ళడాన్ని పలకరింపు అంటారు. “పలకరించడానికి వచ్చామండి” అని వస్తారు. వచ్చినవాళ్ళంతా మంచివాళ్ళే. కూర్చుని, కాస్త ఆగి, ఎలా జరిగిందండీ అని అడుగుతారు. మొదటి నుంచి చెప్పాలి. చెప్పడం పూర్తయ్యేసరికి గుమ్మంలో ఇంకొకరు చెప్పులు విడుస్తూ ఉంటారు. మా కాలేజీలో సంతాపసభ పెట్టారు. ఆవిడను ఎరగని ఇద్దరు ముగ్గురు లేచి, దీపం ఆరిపోయిందని, తులసికోట బోసిపోయిందని మాట్లాడారు. వాళ్ళ మనసు నాకు తెలుసు, తప్పు పట్టను. కానీ వాళ్ళు చెబుతున్న మనిషి ఎవరో నాకు అంతుపట్టలేదు. మా ఆవిడ దీపం కాదు. మోకాళ్ళ దాకా బురదతో ఇంటికొచ్చి, ముందు సీసాలు దించి, ఆ తరువాత మంచినీళ్ళు అడిగే మనిషి.

ఆవిడ అన్నగారిది ఉంగుటూరు. వరి వ్యవసాయం. ఆయన నాకు తోడుగా పెద్దకర్మ దాకా అని వచ్చి, మొదటి మాసికం దాటినా ఉండిపోయారు. పెద్దకర్మ అయ్యేదాకా కారు బయటికి తియ్యవద్దని ఇంట్లో అనుకున్నాం. ఆ సీట్లో కూర్చోవడానికి ఎవరికీ మనసు రాలేదు. తరువాత కూడా వాయిదా పడుతూ వచ్చింది. బావగారికి మాత్రం ఆ కారు అలా నిలబడి ఉండడం నచ్చలేదు.

“బండిని అలా వదిలెయ్యకూడదు బావగారూ. నోరులేనిది. రోజూ ఒకసారి పలకరించాలి” అన్నారు.

పలకరించారు కూడా. రోజూ పొద్దున్నే స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, కారు స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు అలా ఉంచి, ఆపేసి, బానెట్ మీద చెయ్యి వేసి తట్టి లోపలికి వచ్చేవారు. ట్రాక్టరు దగ్గరా ఆయనది అదే అలవాటు. ఆ చప్పుడు పడగ్గదిలోకి వినిపించేది. ఆపమని చెప్పాలని ఎవరికీ అనిపించలేదు. ఇల్లు ఇంకా పాత వేళకే లేస్తున్నట్టు ఉండేది.

మా అమ్మాయి చేపల శాస్త్రం చదివి, వాళ్ళమ్మ దగ్గర ల్యాబ్‌లో పనిచేసేది. గట్ల మీదకు వెళ్ళినప్పుడు వాళ్ళమ్మ నడిపితే తను పక్కన కూర్చునేది. రైతులు మా ఆవిడను అమ్మగారు అనేవారు, మా అమ్మాయిని పాపగారు అనేవారు. ల్యాబ్ తనే నడుపుతానని పెద్దకర్మ నాడు అందరి ముందూ చెప్పింది. ఎవరూ కాదనలేదు. అయితే ఒప్పుకోవలసింది ఇంట్లోవాళ్ళు కాదు.

మండవల్లి దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు. మా ఆవిడకు మొట్టమొదటి రైతు. ఆయన చెరువు చుట్టూ ఉన్న చెరువులవాళ్ళంతా ఆయన ఏ ల్యాబ్‌కి వెళితే ఆ ల్యాబ్‌కే వెళతారు. ఆయన మారితే ఆ గట్టంతా మారుతుంది, గట్టు మారితే ఆకివీడు గది తలుపు మూసుకోవలసిందే. ఆయన కూడా పలకరింపుకు వచ్చారు. వెళ్ళేటప్పుడు మా అమ్మాయితో అన్నారు.

“కైకలూరులో కొత్త ల్యాబ్ పెట్టారండి పాపగారూ. రోజూ మనిషిని పంపుతున్నారు. మీకోసం మేం ఆగుతామండి. కానీ చేప ఆగదు కదండి.”

“తెలుసండి. ఎప్పుడు పిలిచినా వస్తాను” అంది.

ఆయన పిలిచింది ముసురు పట్టిన మూడో రోజు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మా అమ్మాయి ఫోన్ స్పీకరు పెట్టి మాట్లాడుతూనే చెప్పులు వెతుక్కుంటోంది.

“చేప పైకొచ్చేసిందండి పాపగారూ! గట్టు పొడుగునా నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయింది. కైకలూరు ల్యాబాయన ఏదో పొడిమందు బస్తాలు దింపించాడు. వేసెయ్యమంటారా?”

“వెయ్యకండి. ముందు మేత ఆపెయ్యండి. ఇంజను పెట్టి చెరువు నీళ్ళే తోడి, పైనుంచి మళ్ళీ చెరువులోకే చిమ్మించండి. ఆక్సిజన్ గుళికలుంటే చల్లండి. నేను వచ్చి చూసేదాకా ఆ బస్తాలు విప్పకండి.”

“అప్పటిదాకా ఉంచుతామండి. తొందరగా రండి మరి.”

సీసాలూ మీటరూ వెనక సీట్లో పెట్టి, తాళం తిప్పింది. టిక్ మని ఒక్క చప్పుడు. మళ్ళీ తిప్పింది. టిక్.

బావగారు తువ్వాలు భుజాన వేసుకుని వరండాలోకి వచ్చారు.

“అదేమిటే! నిన్న కూడా బాగానే పలికిందే!”

“మీ పలకరింపుకే పడుకుంది మావయ్యా.”

“నేనేం చేశానమ్మా? రోజూ రెండు నిమిషాలు ఆడించానంతే.”

“స్టార్టయ్యేటప్పుడు గుప్పెడు తీసుకుంటుంది. మీరు రెండు నిమిషాలుంచితే చిటికెడు తిరిగొస్తుంది. ఇన్నాళ్ళూ రోజూ గుప్పెడు తీసుకుని చిటికెడు ఇచ్చారన్నమాట. బయటికి తీసుకెళ్ళి, కనీసం ఓ అరగంట తిప్పితే సరిపోయేది.”

బావగారు మొహం చిన్నబుచ్చుకున్నారు. “మర్యాద చేశామనుకున్నాను” అన్నారు మెల్లిగా.

నాకు ఆ నెలంతా ఇంటికి వచ్చిన పలకరింపులు గుర్తుకొచ్చాయి. పోలికలకు అది వేళ కాదు.

బావగారే తేరుకుని దారి చెప్పారు. “పక్కింటివాళ్ళ కారుకి తీగలు తగిలించి లేపేద్దాం. అయిదు నిమిషాల పని.”

మా అమ్మాయి పెద్ద లైట్లు వేసింది. ప్రహరీ గోడ మీద పసుపు నీళ్ళ లాంటి వెలుగు పడింది. హారన్ కొట్టింది. గొంతు పట్టేసిన మనిషి పిలిచినట్టు మోగింది. వెలుగు ఉలిక్కిపడడం కాదు, మొత్తానికే ఆరిపోయి మళ్ళీ వచ్చింది. దిగి బానెట్ ఎత్తి బ్యాటరీ పక్కలు తడిమింది.

“దిగిపోయిందా, పోయిందా?” అన్నాను.

“దిగిపోయింది. దాంతోపాటు పోవడం కూడా ఉంది నాన్నా. పక్కలు ఉబ్బాయి, చూడండి. మావయ్య పలకరించకపోయినా ఈ వానలు దాటేది కాదు. కిందటేడు ఎండాకాలంలోనే అమ్మ దీన్ని అనుమానంగా చూసింది. ఈ ఏడు మార్చాలంది.”

“అయితే తీగలు తగిలిస్తే లేవదా?”

“లేస్తుంది. మండవల్లి దాకా వెళుతుంది కూడా. గట్టు మీద ఇంజను ఆపి నీళ్ళు తీశాక లేవకపోతే?” అని బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడింది. “ఇవాళ ఆ చెరువు దగ్గర నా బండి ఆగిపోయి, నలుగురొచ్చి తోశారనుకోండి. ఇంక నేను నీళ్ళ గురించి ఏం చెప్పినా ఎవరూ వినరు. టాక్సీవాళ్ళు తడి గట్టు మీదకి రారు. మార్చే వెళదాం. గంట ఆలస్యమవుతుంది. ఆయనకు ఆ గంటలో ఏం చెయ్యాలో చెప్పాను.”

నేను మా అమ్మాయి ముఖం కేసి చూశాను. అవతల చేప చచ్చిపోతోంది, తన పని పోయేలా ఉంది, తొందరపడడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. తొందరగా వెళ్ళడమూ తొందరపడడమూ ఒకటి కాదని ఆ వయసులో నాకు తెలియదు.

షాపాయన షాపు మీదనే కాపురం. మా అమ్మాయి ఫోన్ చేస్తే లేచి షట్టరు సగం ఎత్తి ఉంచారు. బావగారు మోటారుసైకిలు మీద నన్ను తీసుకెళ్ళారు.

“ఏ బండికండి? అమ్మగారి బండికేనా?” అన్నారు షాపాయన. ఆ తరువాత తన మాట తనకే వినిపించినట్టు లోపలి అరల వైపు తిరిగారు. “దానికి రెండు రకాలొస్తాయండి. ఎరుపు ఏ వైపు?”

“కుడి వైపు” అన్నారు బావగారు గట్టిగా.

“మీకు తెలుసాండి?”

“అన్నీ కుడి వైపే కదండీ ఉండేవి!”

నేను కళ్ళు మూసుకున్నాను. బంగారు గాజులు పట్టుకుని నేను ఎప్పుడూ ఒకే చోట నిలబడేవాణ్ణి. నల్లతీగ విప్పడానికి ఆవిడ నాకు దూరంగా అవతలికి వంగేది. ఎర్రది విప్పేటప్పుడు మోచెయ్యి నాకు తగిలేది. ప్రతిసారీ “కాస్త జరగండీ” అనేది. నేను నిలబడేది బండికి ఎదురుగా, ఎడమ పక్కన.

“ఎదురుగా నిలబడి చూస్తే ఎడమ” అన్నాను.

“ఖాయమేనాండి? తేడా వస్తే తీగ అందదు.”

“ఖాయం.”

షాపాయన లోపలి నుంచి ఒకటి తెచ్చి మీటరు పెట్టి చూపించారు. “కొత్తగా దిగిన సరుకేనండి. అరల్లో నిలవున్నది ఇస్తే అమ్మగారు తిప్పి తెచ్చి ముఖాన కొట్టేవారు. అమ్మడానికి పెట్టింది కూడా కూర్చుని కూర్చుని దిగిపోద్దని, తయారైన నెల చూపించమనేవారండి. ఈ వీధిలో ఆ మాట అడిగింది ఆవిడొక్కరే. పాతది తరువాత పంపండి. ముందు పని కానివ్వండి.”

తిరిగి వచ్చేటప్పుడు జల్లు పెరిగింది. బ్యాటరీ నా ఒళ్ళో ఉంది. రెయిన్‌కోటు నేను వేసుకోకుండా దాని మీద కప్పాను.

“వంచకండి బావగారూ, నిటారుగా పట్టుకోండి. పసిబిడ్డని పట్టుకున్నట్టు” అన్నారు బావగారు ముందు నుంచి.

“ఇంత బరువు పసిబిడ్డ ఎవరింట్లో పుట్టిందండి?”

“మా చెల్లెలు పుట్టినప్పుడు ఇంతే ఉండేదిట. మా నాయనమ్మ చెప్పేది.”

ఇద్దరం నవ్వాం. ఆవిడ పోయాక ఆవిడ గురించి నవ్వడం అదే మొదటిసారి.

మేం వచ్చేసరికి మా అమ్మాయి పాతది విప్పి కింద పెట్టింది. తీగల కొసలు సోడా నీళ్ళతో కడిగి, పాత చీర ముక్కతో తుడిచి ఆరబెట్టింది. బ్యాటరీ కూర్చునే పళ్ళెం కూడా తుడిచింది. చేతి గడియారం ముందే తీసి కిటికీలో పెట్టింది. కొత్తది దించింది. ఎర్రతీగ సరిగ్గా అందింది. అది బిగించాక, చివర నల్లది. అది తగిలేటప్పుడు చిన్న మిణుకు వచ్చింది. కొసల మీద వేజలిన్ రాసింది. బ్యాటరీని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూసింది. కదలలేదు. గట్ల మీద తిరిగే బండిలో బ్యాటరీ వదులుగా ఉంటే కుదుపులకే సగం చస్తుందిట.

తాళం బావగారి చేతికిచ్చింది. “ఈసారి మీరే పలకరించండి మావయ్యా.”

“నన్నొద్దులేమ్మా.”

“తిప్పండి. నేను వినాలి.”

ఆయన తిప్పారు. మా అమ్మాయి బానెట్ దగ్గర తల వంచి విన్నది. గరగర వినపడీ వినపడకముందే ఇంజను అందుకుంది.

పాతదాన్ని తరువాత షాపాయన ఛార్జింగుకు పెట్టి చూశారు. ఇంకో నెల వచ్చేదేమోనండి అన్నారు. ఆ నెలలో ఏ పొద్దున్న ఆగిపోయేదో మాత్రం చెప్పలేనన్నారు. మా ఆవిడ లెక్క ప్రకారం బ్యాటరీ పోవడమంటే అదే. నడవకపోవడం కాదు, రేపు నడుస్తుందని చెప్పలేకపోవడం.

నేనూ వెళ్ళాను. బురదలో సీసాలు మోయడానికి ఒక మనిషి ఉండాలన్నాను. అసలు సంగతి అది కాదని మా అమ్మాయికి తెలుసు, అయినా పక్క సీటు తలుపు తీసి పెట్టింది. కైకలూరు దారిలో చేపల లారీలు నీళ్ళు కార్చుకుంటూ ఎదురొచ్చాయి. మండవల్లి దాటాక గట్టెక్కాం. రెండు పక్కలా నీళ్ళే. ఆకాశం నీళ్ళ రంగులోనే ఉంది.

పెద్దాయన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన వెనక చుట్టుపక్కల చెరువులవాళ్ళు ఐదారుగురు. ఇంజను ఆడుతోంది, గొట్టంలోంచి నీళ్ళు విసురుగా చెరువులోకి పడుతున్నాయి. బస్తాలు కట్టు విప్పకుండా పాక కింద ఉన్నాయి. బొచ్చె చేపలు కొన్ని తెల్లగా తిరగబడి తేలుతున్నాయి. శీలావతులు ఇంకా అక్కడక్కడ నోళ్ళు తెరుస్తున్నాయి.

“ఆలస్యమైందండి పాపగారూ” అన్నారు పెద్దాయన. కోపంగా అనలేదు.

“అయిందండి. బ్యాటరీ మార్చుకుని వచ్చాను. మధ్యలో ఆగకూడదని.”

ఆయన కారు కేసి ఒకసారి చూశారు.

మా అమ్మాయి చిన్న పడవలో చెరువు మధ్యకు వెళ్ళి నీళ్ళు తీసింది, అడుగు మట్టి తీసింది. మీటరు ముంచి, ఆగి, ఇంకో చోట ముంచింది. గట్టు మీద ఒకాయన అందరికీ వినపడేలా అన్నాడు.

“అమ్మగారైతే మీటరు కూడా అక్కర్లేదండి. నీళ్ళు చూడగానే చెప్పేసేవారు.”

పడవ దిగుతూ మా అమ్మాయి అంది. “అమ్మ కూడా మీటరు చూసే చెప్పేదండి. చూసినట్టు మీకు కనపడకుండా చూసేది.”

పెద్దాయనతో సహా అందరూ నవ్వారు. అది నిజమో, అప్పటికప్పుడు అన్నదో నాకు తెలియదు.

“నీళ్ళకి జబ్బేం లేదండి” అంది పెద్దాయనతో. “ముసురుకి ఎండ లేదు, ఊపిరి తగ్గింది. మేత మాత్రం మీరు తగ్గించలేదు. తినకుండా మిగిలింది అడుగున కుళ్ళి ఉన్న ఊపిరి కాస్తా లాగేస్తోంది. రెండు రోజులు మేత వెయ్యకండి. తరువాత సగం వెయ్యండి. రేపు ఎండొచ్చేదాకా ఇంజను ఆపకండి.”

“మరి మందండి?”

“మందు అక్కర్లేదండి.”

“అసలేం లేదా?”

“లేదండి.”

ఇందాకటి మనిషి మళ్ళీ అందుకున్నాడు. “మందు చెప్పని ల్యాబేమిటండీ, ప్రసాదం పెట్టని గుడిలాగ!”

ఈసారి నవ్వింది ఒకరిద్దరే. మిగతావాళ్ళు పెద్దాయన ముఖం చూస్తున్నారు. ఆ గట్టు మీద ఏది నిలవాలో, ఏది పోవాలో ఆయన నోటి నుంచి రాబోయే మాట మీద ఉంది. మా అమ్మాయి బిగించిన సీసా మూతనే మళ్ళీ బిగిస్తోంది. అది నాకు తప్ప ఎవరికీ కనపడలేదు. ఏదో ఒక మందు పేరు రాసిచ్చేస్తే ఆ గండం గడిచిపోతుంది. అందరూ సంతోషిస్తారు. తను రాయదు. అడగకుండానే నాకు తెలుసు.

“అవి వేస్తే ఏమవుద్దండి?” అన్నారు పెద్దాయన బస్తాలు చూపించి.

“ఈ పరిస్థితిలో ఉన్న కాస్త ఊపిరీ పోద్దండి. ఇంకా చాలా చేప తిరగబడుతుంది.”

ఆయన చెరువు వైపు తిరిగారు. చాలాసేపు చూశారు. ఇంజను నీళ్ళు పడే చోట చేప గట్టు నుంచి కాస్త వెనక్కి, లోతుకు జరిగింది. మేం వచ్చినప్పటికన్నా పైకి కనపడే నోళ్ళు తగ్గాయి. అది మేం చెప్పి చూపించలేదు. ఆయనే చూశారు.

పాక దగ్గరున్న మనిషిని కేకేశారు. “ఆ బస్తాలు ట్రాలీ ఎక్కించి తిప్పి పంపెయ్యరా. వాళ్ళకి ఫోన్ నేను చేస్తాను.”

తరువాత మా అమ్మాయితో అన్నారు. “రేపు ఎన్నింటికొస్తారండి?”

“తెలతెలవారుతుండగా వస్తానండి.”

“ముసురు ఇలాగే ఉంటుందేమో.”

“ఉన్నా వస్తాను.”

ఆయన తల ఊపి, పక్క చెరువు రైతు వైపు తిరిగారు. “విన్నావుగా. ఇక నీ చెరువు కూడా ఈవిడగారే చూస్తారు. నువ్వూ ఇవాళే మేత ఆపెయ్.”

“ఆయన్ని అప్పుడే ఆపమనకండి” అంది మా అమ్మాయి. “ఆ నీళ్ళు నేనింకా చూడలేదు.” ఖాళీ సీసాలు రెండు తీసుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, పక్క గట్టెక్కింది.